‘ఉంది’ అని రాసిన ఇళ్ళు

మూడు రోజులు అనకాపల్లి జిల్లాలో తిరిగొచ్చాను. ఎలా ఉందని అడిగినవాళ్ళందరికీ బెల్లం గురించీ, హల్వా గురించీ, లక్క బొమ్మల గురించీ చెబుతున్నాను. అవి చెప్పడం తేలిక. వినేవాళ్ళకీ సరదాగా ఉంటుంది. కానీ రాయడానికి కూర్చుంటే ఆ సరదా ఎక్కడికో పోతోంది. ఎందుకో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి.

మాది తెనాలి. విజయవాడలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తాను. చేతిలో డబ్బు ఆడని ఇళ్ళకు సగం ధరకే ఇంటర్నెట్ లైను ఇప్పించే పథకం ఒకటి మాకుంది. ఎవరింట్లో లైను లేదో తెలియాలి కాబట్టి, డ్వాక్రా సంఘాల దగ్గర నంబర్లు తీసుకుని ఫోన్‌లో సర్వే చేశాం. మా పైవాళ్ళు రాసిన మొదటి ప్రశ్న ‘మీ గృహమునకు బ్రాడ్‌బ్యాండ్ సదుపాయము కలదా?’ అని ఉంది. అది చూసి పగలబడి నవ్వాను. కొట్టేసి, ‘మీ ఇంట్లో నెట్ వేయించుకున్నారా?’ అని రాశాను. జనం భాషలో అడగాలండీ అని మీటింగులో చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. అందరూ బాగుందన్నారు. ఫోన్లు కూడా చాలావరకు నేనే చేశాను. ‘లేదు’ అన్నవాళ్ళ పేర్లు జాబితాలో ఉంచాం. ‘వేయించాం’ అన్నవాళ్ళ పేరు పక్కన ‘ఉంది’ అని రాసి తీసేశాం.

లైన్లు వేయడం పూర్తయ్యాక, జనం ఎలా వాడుకుంటున్నారో చూసి రమ్మని నన్ను పంపారు. నాలుగు మంచి మాటలు వినొస్తాను కదా అని హుషారుగా రైలెక్కాను.

అనకాపల్లి

పొద్దున్నే దిగి, హోటల్లో ఇడ్లీ అడిగితే దానిమీద బొంబాయి చట్నీ గరిటెడు కుమ్మరించాడు. మా వైపు అది పూరీకే. ఇడ్లీకి అల్లం చట్నీ, కారప్పొడి లేకపోతే మాకు తిన్నట్టుండదు. మొహం అదోలా పెట్టి మొదలుపెట్టాను గానీ, రెండో ప్లేటు నేనే అడిగాను.

తర్వాత బెల్లం మార్కెట్ చూడ్డానికి వెళ్ళాను. ఇంత బెల్లం ఒక్కచోట ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. దిమ్మలు దిమ్మలుగా పేర్చి ఉంది, పైన కందిరీగలు, కింద బేరాలు. పచ్చగా మెరిసేది చూపించి కిలో ఎంతని అడిగితే, అక్కడి వ్యాపారి ఒకాయన నవ్వాడు.

“మీ టౌనోళ్ళందరూ రంగు సూసే కొంతారండి. తినడానికి నల్లదే మంచిది. ఇదిగో, నోట్లో ఏసుకోండి” అని ఒక దిమ్మ మూల విరిచి చేతిలో పెట్టాడు.

సగం తిని, సగం కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఎండకి అది కరిగి, నా ఇళ్ళ జాబితా నాలుగు పేజీలూ ఒకదానికొకటి అంటుకుపోయాయి. బస్సులో కూర్చుని ఒక్కో పేజీ విడదీస్తుంటే పక్కనావిడ, “పాకం పట్టేరేటండీ?” అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

చీడికాడ

చోడవరం దాటాక దారి పొడుగునా చెరుకు. చీడికాడలో మా లైను పెట్టించుకున్న అప్పలనాయుడు గారిల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఎకరంన్నర చెరుకూ కాస్త వరీ ఉన్న మనిషి. ఆయన భార్య వరహాలమ్మ నన్ను లోపలికి తీసుకెళ్ళి ముందు చూపించింది వైఫై పెట్టె. టీవీ పక్కన చిన్న పీట వేసి, దానిమీద పెట్టారు. పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది.

“ఇదేంటమ్మా?” అన్నాను.

“కొత్తగా ఇంటికొచ్చినాది కదండీ. ట్రాక్టరుకెడతాం, మోటారుకెడతాం, దీనికెందుకెట్టకూడదు?” అంది వరహాలమ్మ.

“పడుకునేటప్పుడు ఆపేత్తామండి. పాపం దానికీ రెస్టుండాల కదా” అన్నాడు అప్పలనాయుడు, ఎద్దు గురించి చెప్పినంత మామూలుగా.

ఆయన చెరుకు తెగుళ్ళ వీడియోలు చూస్తాడట. ఆవిడ గాజువాకలో ఉన్న చెల్లెలితో మొహం చూసుకుంటూ మాట్లాడుతుందట. కూతురు పాఠాలు వింటుందట. పాస్‌వర్డ్ దాచుకోవాలన్న ఆలోచనే వాళ్ళకు లేదు, అడిగినవాళ్ళందరికీ చెప్పేశారు. సాయంత్రం ఆరయ్యేసరికి వీధిలో సగం మంది ఫోన్లు పట్టుకుని వాళ్ళ అరుగు మీదికి చేరారు. మా అపార్టుమెంటులో పక్కవాళ్ళకి పాస్‌వర్డ్ చెప్పాల్సొస్తుందని నేను రెండుసార్లు మార్చిన సంగతి గుర్తొచ్చి సిగ్గనిపించింది.

ఆ అరుగు మీదే కూర్చున్న పక్కింటావిడ నన్ను అడిగింది. “మాకెందుకు రాలేదమ్మా ఈ పెట్టె?”

బెల్లం మరకల కాగితాలు తీసి చూశాను. ఆవిడ పేరు పక్కన ‘ఉంది’ అని నా చేతిరాతే.

“మీ ఇంట్లో ఉందని చెప్పారు కదమ్మా.”

“ఉంటాదమ్మా, నెలనెలా ఏయిత్తన్నాం కదా.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంట్లో లైను పెట్టుకుని, సగం ధరకొస్తుందని ఇంకోటి అడుగుతోంది అనుకున్నాను. “ఉన్నవాళ్ళకి ఇవ్వమమ్మా, లేనివాళ్ళకే” అన్నాను, నలుగురూ వినేలా. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, “అలాగేనమ్మా” అని ఫోన్ చూసుకోవడంలో పడింది.

ఇంట్లో నెట్ ఉన్న మనిషి పక్కింటి అరుగు మీద వచ్చి ఎందుకు కూర్చుందని నాకు తట్టాలి. తట్టలేదు. మాడుగుల హల్వా పావుకిలో నూట ఎనభై పెట్టి కొనుక్కుని, అందులో బాదం పలుకులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. గోధుమపాలతో చేస్తారట, నాలుక మీద పెడితే నమలక్కర్లేదు. ఆ హల్వా రుచి ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ పేరు మాత్రం కాగితం చూస్తే గానీ గుర్తురావడం లేదు. దానికి నన్ను నేను ఎన్ని తిట్టుకున్నా చాలదు.

ఏటికొప్పాక

రెండో రోజు ఏటికొప్పాక. లక్క బొమ్మలు చేసే ఒకాయన పనిపాకలో గంటసేపు కూర్చున్నాను. తిరిగే కర్ర మీద లక్క బద్ద ఆనిస్తే రంగు దానంతటదే పరుచుకుంటుంది. తాటాకు ముక్కతో ఆయన దానికి మెరుపు తెప్పిస్తుంటే నాకు లేవబుద్ధి కాలేదు. నూట ఇరవై రూపాయలకి ఒక బొంగరాల డబ్బా కొన్నాను. బేరం ఆడబోతే, “ఆడండి మేడమ్, కానీ తగ్గించనండి” అన్నాడు. ఆ మాటకి ఇంకో డబ్బా కొన్నాను.

తర్వాత నన్ను వీధి చివర దుకాణానికి తీసుకెళ్ళి, “బావా, మేడమ్‌కి మంచి టీ ఒకటి సెప్పు” అని తన పనికి వెళ్ళిపోయాడు. అది బిస్కెట్లూ, షాంపూ పొట్లాలూ అమ్ముతూ ఫోన్లకి రీచార్జి చేసే దుకాణం. టీ తాగుతుంటే ఒక ముసలావిడ వచ్చి ఫోన్ బల్లమీద పెట్టింది.

“నాయినా, మా కోడలి ఫోన్లో నెట్టెయ్యి. మొన్న ఏయించింది అయిపోనాది.”

“ఎంతదెయ్యమంటావు పిన్నీ?”

“ఇరవై రెండుది సాల్లే. మా మనవరాలు గుంటకి పరీచ్చంట, ఈ పూటకి గడిత్తే సాలు.”

టీ గ్లాసు బల్లమీద పెట్టేశాను. ఆవిడ వెళ్ళిందాకా ఆగి దుకాణదారుణ్ణి అడిగాను.

“బాబూ, మీ ఊళ్ళో నెట్ ఏయించేం అంటే ఏంటి?”

అతను నావైపు వింతగా చూశాడు. “రీచార్జండి. మరింకేటుంటాది?”

“ఇంటికి లైను తెచ్చుకుంటే? అప్పుడేమంటారు?”

“దాన్నా? వైఫై పెట్టించేరంటారండి. దానికీ దీనికీ సమ్మంధం లేదు కదండీ.”

ఇది ఈ జిల్లావాళ్ళ మాటేమీ కాదు. మా తెనాలిలోనూ అంటారు, మా ఇంట్లో గిన్నెలు తోమే వెంకటరమణ కూడా అంటుంది. నేను విననిది కాదు. ఏళ్ళ తరబడి నా ఫోన్ డబ్బులు బ్యాంకులోంచి వాటంతటవే పోతున్నాయి, అందుకని ఆ మాట నాకు అక్కర్లేకుండా పోయింది. ‘మీ ఇంట్లో నెట్ వేయించుకున్నారా?’ అని నేనడిగితే, ఇరవై రెండు రూపాయల రీచార్జి చేయించుకున్న ప్రతి మనిషీ నిజాయితీగా ‘ఏయించేం’ అంది. నేను ‘ఉంది’ అని రాశాను. నేను నవ్వి కొట్టేసిన ఆ ‘కలదా’ ప్రశ్నే అడిగి ఉంటే, ‘అదేటండీ?’ అని ఉండేవాళ్ళు. నేను విడమరిచి చెబితే ‘లేదు’ అనేవాళ్ళు, వాళ్ళకి లైను వచ్చి ఉండేది.

అక్కడే బల్లమీద కాగితాలు పరిచాను. రాజయ్యపేట పేజీ నిండా దాదాపు అన్నీ ‘ఉంది’లే. ఆ పేజీ చూసి అప్పట్లో సంబరపడ్డాను కూడా. సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ ఇళ్ళలోకి కూడా నెట్ వచ్చేసిందని రిపోర్టులో ఒక పేరా రాశాను. ఒక్కరికైనా తిరిగి ఫోన్ చేసి, ‘ఏదమ్మా, పెట్టె ఎక్కడుంది?’ అని అడగలేదు.

ఆఫీసుకి ఫోన్ చేసి పైవాళ్ళకి చెప్పాను. “జాబితా మూసేశాం కదండీ. ఇప్పుడు కెలక్కండి. వచ్చే విడతలో చూద్దాం” అన్నారు. నామీద ఒక్క కసురు కూడా లేదు. రాజయ్యపేట వెళ్ళాల్సిన పని లేదనీ, అక్కడ మన లైన్లు లేవు కదా అనీ కూడా గుర్తుచేశారు. ఇంకో రోజు సెలవు పెట్టుకున్నాను.

రాజయ్యపేట

నక్కపల్లి నుంచి ఆటోలో వెళ్ళాను. ఒడ్డున బోట్లు, ఇసకలో ఆరేసిన నెత్తళ్ళ చేపలు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. జాబితాలో మొదటి పేరు నూకరత్నం. ఇల్లు చూపించమంటే ఒకామె నన్ను గుమ్మం దాకా దిగబెట్టింది.

గుమ్మంలో చేపలు కోస్తున్న పెద్దావిడ నూకరత్నం అత్తగారు, పోలమ్మ. “మా కోడలే. నీళ్ళకెల్లింది, వచ్చెత్తాది. తిన్నావా అమ్మా?” అంది. మా వైపు కొత్త మనిషి గుమ్మంలోకొస్తే ముందు ఎవరూ, ఏ పనిమీదా అని ఆరా తీస్తారు. పోలమ్మ అవేమీ అడక్కుండానే కంచం పెట్టేసింది. వంకాయలో ఎండు నెత్తళ్ళు వేసి వండిన కూర, వేడన్నం. వచ్చిన పని చెప్పాలంటే భయంగా ఉంది, ఆకలి మాత్రం బాగానే వేసింది. రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

నూకరత్నం బిందె దించి లోపలికొచ్చింది. ముప్ఫై లోపు వయసు. కాళ్ళకి రబ్బరు బూట్లు తొడుక్కుంటోంది, రొయ్యల కంపెనీ బస్సు వచ్చే వేళట. నా పేరు చెప్పి, విజయవాడ నుంచి వచ్చానన్నాను. బూటు వేసుకుంటున్న చెయ్యి ఆగింది.

“మళ్ళీ ఓసారి మాటాడండి.”

“ఏం మాట్లాడనమ్మా?”

“మీరేనండి. నెట్ గురించి ఫోన్ సేసిన మేడమ్. గొంతు నాకు గుర్తుంది. రెండుసార్లు మాటాడేను మీతో.”

ఒకసారి సర్వేకి నేనే చేశాను. రెండోసారి ఎప్పుడో నాకు గుర్తు లేదు. అదే చెప్పాను.

“మీకెందుకు గుర్తుంటాదండి, వందమందితో మాటాడతారు” అంది, ఎత్తిపొడుపు లేకుండానే. తర్వాత బూట్లు వేసుకుంటూనే చెప్పింది.

ఆవిడ డిగ్రీ చదివింది. పెళ్ళయ్యాక, అనకాపల్లి వెళ్ళి మూడు నెలలు కంప్యూటర్ మీద శిక్షణ తీసుకుంది. ఆసుపత్రి బిల్లులు ఇంట్లో కూర్చుని టైపు చేసే ఉద్యోగం వచ్చింది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కూడా కొన్నారు. అయితే ఫోన్ నెట్‌తో కుదరదు, ఇంట్లో లైను ఉండాలి, నెలలోపు చూపించాలి అన్నారట. లైను వేసేవాణ్ణి అడిగితే, పదిళ్ళవాళ్ళు తీసుకుంటేనే ఇంత దూరం స్తంభాలు పాతుతాం, ఒక్క ఇంటికి రాదు అన్నాడు. అందుకని మా సగం ధర లైన్ల కోసం ఆవిడ ఎదురుచూసింది. ఊళ్ళో ఎవరికీ రాలేదు. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

“మీరేటన్నారో సెప్పమంటారా? ‘మీ ఇంట్లో ఉందని మీరే చెప్పారు కదమ్మా, రికార్డులో ఉంది’ అన్నారు. ఫోన్ స్పీకర్లో ఎట్టేను. మా ఆయన ఇన్నాడు, అత్త ఇన్నాది.”

ఆ మాట నేను అనుంటాను. అచ్చం అలాగే అంటాను, ఆ గొంతుతోనే.

“ఆ ఉద్యోగం?” అన్నాను.

“తగరపువలస పిల్లకెవరికో ఇచ్చేరటండి. కంప్యూటర్ అమ్మేసేం. నాను రొయ్యలకెల్తన్నాను.” వేళ్ళు చూపించింది. మంచునీళ్ళలో నాని చివర్లు తెల్లగా పాలిపోయి, చీలి ఉన్నాయి.

నేను ఏటికొప్పాక దుకాణం సంగతి చెప్పాను. ప్రశ్న రాసింది నేనేనని, ఆమె సరిగ్గానే చెప్పిందని, నేనే తప్పుగా రాసుకున్నానని చెప్పాను. వచ్చే విడతలో మొదటి పేరు మీదే పెడతాను అని కూడా అన్నాను. ఆ మాట అంటుంటే నా నోటికే చేదుగా ఉంది.

ఆమె బయట చేపలు కోస్తున్న అత్తగారివైపు చూసి గొంతు తగ్గించింది.

“ఒక్క పని సేత్తారాండి? ఆ రోజు నాను అబద్దం సెప్పలేదని మా అత్తకి సెప్పండి. నాను సెప్తే నమ్మడం లేదు. గొప్పకి పోయి, లేంది ఉందని సెప్పేసేనంట. నోటికాడి కూడు నానే పారబోసేనంట. మా ఆయన కూడా అదే మాట.”

ఇద్దరం బయటికొచ్చాం. కంపెనీ బస్సు దూరం నుంచే హారన్ కొడుతోంది. నేను పోలమ్మ ముందు కింద కూర్చున్నాను. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను, ఈసారి మెల్లగా, ఒక్కో మాటా. మీ కోడల్ని నేనడిగిన మాటకి ఇక్కడ ఎవరైనా అదే జవాబు చెబుతారని, ఊళ్ళో అందరూ అదే చెప్పారని, అందరివీ నేను తప్పే రాశానని చెప్పాను. కాగితం చూపించాను. ఆవిడకి చదువు రాదు, అయినా చూసింది.

“అయితే లైనుందని మా కోడలు సెప్పలేదా?”

“చెప్పలేదమ్మా. ఫోన్‌లో నెట్ వేయించామని చెప్పింది. అది నిజమే కదా.”

“నిజమే. నానే డబ్బులిచ్చేను దానికి.”

బస్సు మలుపులో ఆగింది. నూకరత్నం టిఫిన్ డబ్బా తీసుకుని, మా ఇద్దరిలో ఎవరివైపూ చూడకుండా పరుగెత్తింది. మిగిలిన ఆడవాళ్ళు ఎక్కేశారు, ఈమె చివర ఎక్కింది. పోలమ్మ కత్తిపీట పక్కకి జరిపి, చేతులు చీరకి తుడుచుకుని, బస్సు కదిలేదాకా అటే చూసింది.

“మరి మిమ్మల్నేటీ అనలేదా మీ ఆపీసులో?”

“లేదమ్మా. ఎవరూ ఒక్క మాట అనలేదు.”

ఆవిడ తలూపింది. బస్సు రేపిన దుమ్ము ఇంకా దారిమీదే ఉంది.

“దాన్ని మేం అన్నాం” అంది పోలమ్మ. “ఎనిమిది నెల్లు, రోజూ అన్నాం.”